బిడది వండర్లానా, రావిర్యాల వండర్లానా, రామోజీ ఫిల్మ్ సిటీయా: అనంతపురం కుటుంబాల కోసం భోజన వేళలను బట్టి ఒక పోలిక

అనంతపురంలో కాపురముండే మాబోటి వాళ్లకు, పిల్లలతో ఒక రోజంతా గడపదగిన పెద్ద పార్కులు రెండు దిక్కుల్లో ఉన్నాయి. దక్షిణంగా వెళ్తే బెంగళూరు దాటాక మైసూరు రోడ్డులో, బిడది దగ్గర, 2005లో తెరిచిన వండర్లా వస్తుంది. ఉత్తరంగా వెళ్తే హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో తెరిచిన మరో వండర్లా, విజయవాడ రహదారి మీద 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ వస్తాయి. గత కొన్నేళ్లలో మేము ఈ మూడింటికీ వెళ్లాము. ఒక్కోసారి ఒక్కో పొరపాటు చేసి, తరువాతిసారి దాన్ని దిద్దుకున్నాము. ఆ అనుభవం మీద నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటుంది. రైడ్ల సంఖ్యనో టికెట్టు ధరనో చూసి పార్కును ఎంచుకోవడం కంటే, మీ ఇంట్లో ఎవరికి ఏ వేళకు ఆకలి వేస్తుంది, ఏం తింటే ఒంటికి పడుతుంది, ఆ తిండి ఆ వేళకు అక్కడ దొరుకుతుందా అని చూసి ఎంచుకోవడం మేలు.

మొదటిసారి మేము పన్నెండు మందిమి కలిసి బయలుదేరినప్పుడు ఈ సంగతి మాకు తెలియదు. మా అత్తగారు తెల్లవారుజామున మూడు గంటలకే లేచి పులిహోర కలిపారు, పెరుగన్నానికి తాలింపు పెట్టారు, బుడ్డల (వేరుశనగ) చట్నీ నూరారు. పార్కు గేటు దగ్గరకు చేరాక, బయటి తిండిని లోపలికి రానివ్వరని తెలిసింది. ఆ నిబంధన వాళ్ల వెబ్‌సైటులో రాసే ఉంది. చదవకపోవడం మా తప్పు. అన్నం పారేయడానికి ఎవరికీ మనసొప్పక, ఉదయం పదకొండు గంటలకు పార్కింగులో ఎండలో నిలబడి కడుపు నిండా తిన్నాము. తిన్న అరగంటకే పిల్లలు గిరగిర తిరిగే రైడు ఎక్కారు. మా అన్న కొడుకు దిగీ దిగకముందే వాంతి చేసుకున్నాడు. సాయంత్రం దాకా వాడు మరే రైడూ ఎక్కలేదు. మా అత్తగారికి షుగరు ఉంది. వేళ కాని వేళ తిని, మాత్ర వేసుకొని, మళ్లీ ఏమీ తినకుండా నాలుగు గంటల దాకా తిరగడం వల్ల ఆమెకు చెమటలు పట్టి చేతులు వణికాయి. అదృష్టవశాత్తు చేతిసంచిలో గ్లూకోజు పొడి ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చాక నేను కాగితం తీసుకొని, ఈసారి వెళ్తే తిండి వేళలను ముందు రాసుకొని, వాటి మధ్య రైడ్లను ఇముడ్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

దారి, దూరం

పటంలో చూస్తే బిడది దగ్గర, హైదరాబాదు దూరం. అనంతపురం నుండి బిడది వండర్లాకు సుమారు 250 కిలోమీటర్లు, రావిర్యాల వండర్లాకు సుమారు 350 కిలోమీటర్లు ఉంటుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో రానూపోనూ బిడదికి 33 లీటర్లు, రావిర్యాలకు 47 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున లెక్క వేసుకుంటే తేడా 1,500 రూపాయలు. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి ఇది పార్కులో ఒక పూట తిండి ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది గనుక, కేవలం ఇంధనం కోసం బిడదిని ఎంచుకోవలసిన అవసరం లేదు.

గంటల్లో లెక్క వేస్తే తేడా ఇంకా తగ్గిపోతుంది. హైదరాబాదు వైపు గుత్తి, డోన్, కర్నూలు, జడ్చర్ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి మీదనే శంషాబాదు చేరి, అక్కడ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే, నగరంలో అడుగు పెట్టకుండానే రావిర్యాలలో దిగవచ్చు. అదే రింగ్ రోడ్డు మీద ఇంకా ముందుకు పోయి పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ రహదారిలోకి దిగితే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. బెంగళూరు వైపు అలా కాదు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా దేవనహళ్లి దాకా రెండున్నర, మూడు గంటల్లో హాయిగా చేరుకుంటాము గానీ, మనం నగరానికి ఉత్తరపు కొసన ఉంటాము, పార్కేమో నైరుతి కొసన ఉంటుంది. హెబ్బాళ మీదుగా నగరంలోకి దిగితే ఉదయం ఎనిమిది దాటాక ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. దేవనహళ్లి దగ్గర దొడ్డబళ్లాపురం వైపు తిరిగి, తుమకూరు రోడ్డు చేరుకొని, అక్కడి నుండి నైస్ రోడ్డు అనే టోల్ దారి మీదుగా మైసూరు రోడ్డులో దిగడం నాకు నచ్చిన పద్ధతి. కిలోమీటర్లు కొన్ని ఎక్కువైనా, కారులో ఉన్న పిల్లలు సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి కడుపులో తిప్పుకోకుండా చేరతారు. ఈ దారిన బిడదికి ఐదు గంటలు, రావిర్యాలకు ఆరు గంటలు అనుకొని బయలుదేరితే సరిపోతుంది.

ఫాస్టాగ్ వార్షిక పాసు ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2025 ఆగస్టులో 3,000 రూపాయల ధరతో వచ్చిన ఆ పాసు సొంత వాహనాలకు 200 సార్లు, లేదా ఏడాది పాటు చెల్లుతుంది. మరూరు, బాగేపల్లి, కాశేపల్లి, అమకతాడు, పుల్లూరు వంటి జాతీయ రహదారి టోల్ గేట్లలో అది పనికి వస్తుంది. హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డుకూ, బెంగళూరు నైస్ రోడ్డుకూ మాత్రం విడిగా చెల్లించాలి.

కారు లేనివాళ్లకు నా సలహా బెంగళూరే. రైలులో బెంగళూరు ప్రధాన స్టేషనులో దిగితే, పక్కనే ఉన్న మెట్రో స్టేషనులో పర్పుల్ లైను ఎక్కి, మైసూరు రోడ్డులో చల్లఘట్ట దాకా ఒకే బండిలో పోవచ్చు. యశ్వంత్‌పూర్‌లో దిగినవాళ్లు గ్రీన్ లైను ఎక్కి మెజెస్టిక్ స్టేషనులో పర్పుల్ లైనుకు మారాలి. చల్లఘట్ట నుండి ఆటోలోనో ట్యాక్సీలోనో మిగతా దూరం పోవాలి. హైదరాబాదుకు బస్సులో పోయేవాళ్లకు రామోజీ ఫిల్మ్ సిటీ చేరడం రావిర్యాల కంటే సులువు. మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగి మెట్రోలో ఎల్బీ నగర్ చేరితే, అక్కడి నుండి సిటీ బస్సులు ఉంటాయి.

ఏ పార్కు ఎవరికి తగినది

రెండు వండర్లాలూ ఒకే సంస్థవి గనుక నియమాలు ఇంచుమించు ఒకటే. టికెట్టు వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, 140 సెంటీమీటర్ల దాకా పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు చూడని విషయం ఒకటుంది. మనసు దడదడలాడించే పెద్ద రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే పిల్లల టికెట్టు కొన్నామని మనం సంతోషించే పిల్లవాడే, ఏ రైడు కోసం ఇంటి దగ్గర కలవరించాడో దాని వరుసలో చివరిదాకా నిలబడి కొలబద్ద దగ్గర వెనుదిరుగుతాడు. ఐదో తరగతి, ఆరో తరగతి పిల్లలకు ఈ బాధ ఎక్కువ. ప్రయాణానికి ముందే ఇంట్లో గోడకు నిలబెట్టి కొలిచి, ఎక్కగలిగేవి ఏవో, ఎక్కలేనివి ఏవో వాడికే చూపించి చెప్పండి. మా వాడికి అలా ముందే చెప్పినప్పుడు వాడు ఇంట్లోనే కాసేపు అలిగి ఊరుకున్నాడు, పార్కులో మాత్రం ఏడవలేదు.

బిడది పార్కు 82 ఎకరాల్లో ఉంటుంది. రావిర్యాలది అంతకంటే చిన్నది. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఉండి, వాళ్ల కోసమే వెళ్తున్నట్లయితే బిడదినే ఎంచుకోండి. రైడ్లూ ఎక్కువ, చెట్ల నీడా ఎక్కువ. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలు ఉంటే రావిర్యాల చాలు. పార్కు చిన్నదైతే నడక తగ్గుతుంది, తప్పిపోయిన వాళ్లను వెతుక్కోవడం తగ్గుతుంది, భోజనశాల నుండి నీటి రైడ్ల దగ్గరకు చిన్న కాళ్లు అలసిపోకుండా చేరతాయి.

రామోజీ ఫిల్మ్ సిటీ వీటికి భిన్నమైనది. అది ప్రపంచంలోనే అతిపెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుకు ఎక్కిన చోటు. అక్కడ పరుగు పందెంలాంటి రైడ్లు ప్రధానం కావు. ఉదయం తొమ్మిది గంటలకు గేటు తెరిచాక బస్సులో కూర్చోబెట్టి సినిమా సెట్లు, ఉద్యానవనాలు తిప్పి చూపిస్తారు. దిగిన చోట ప్రదర్శనలు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, చిన్న పిల్లల ఆటస్థలం ఉంటాయి. మోకాళ్ల నొప్పులు ఉన్న అవ్వా తాతలకు, గర్భిణులకు, రక్తపోటో గుండె జబ్బో ఉండి పెద్ద రైడ్లు ఎక్కకూడని వాళ్లకు వండర్లాలో దక్కేది బెంచీ మీద కూర్చొని సంచులకు కాపలా కాయడమే. రామోజీలో వాళ్లూ మిగతా వాళ్లతో సమానంగా రోజంతా ఏదో ఒకటి చూస్తారు. మా అత్తగారు వండర్లాకు రెండుసార్లు వచ్చి ఒక్క మాటా అనలేదు. రామోజీ నుండి వచ్చాక మాత్రం నెల రోజుల పాటు ఆ సెట్ల గురించి వీధిలో అందరికీ చెప్పారు. డబ్బు పెట్టి ఇంతమందిని తీసుకెళ్లేటప్పుడు ఆ సంతోషానికి విలువ కట్టాలి. టికెట్ల లెక్కలో అది ఎక్కడా కనిపించదు గనుక నేను ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఉదయం ఏం తినాలి, ఎక్కడ తినాలి

నా దృష్టిలో పార్కు రోజు బాగుపడటమో చెడిపోవడమో ఈ పూటతోనే తేలిపోతుంది. వండర్లాలు పదకొండు గంటల ప్రాంతంలో తెరుస్తారు. మంచి రైడ్లు ఖాళీగా ఉండేది మొదటి గంటన్నరలోనే గనుక, ఆ సమయానికి కడుపు ఖాళీగానూ ఉండకూడదు, బరువుగానూ ఉండకూడదు. ఉదయం తొమ్మిదిన్నరకు, ఆవిరి మీద ఉడికినదో తేలికైనదో తిని ఉండాలి.

ఈ విషయంలో బిడదికి సాటి లేదు. బిడది తట్టె ఇడ్లీకి పేరుపడ్డ ఊరు. పళ్లెంలా వెడల్పుగా, మెత్తగా ఉండే ఆ ఇడ్లీ మీద వెన్న వేసి చట్నీతో ఇస్తారు. పెద్దవాళ్లకు రెండు, పిల్లలకు ఒకటి చాలు. నూనె లేదు, మసాలా లేదు, పసిపిల్లలూ తింటారు, షుగరు ఉన్నవాళ్లు ఒకటి తిని ఆపవచ్చు. అయితే ఎక్స్‌ప్రెస్ హైవే మీదనే దూసుకుపోతే ఆ దుకాణాలు తగలవు. సర్వీసు రోడ్డు దిగి ఊళ్లోకి పోవాలి. బెంగళూరు వైపు నుండి వచ్చేటప్పుడు పార్కు మలుపు ఊరి కంటే ముందే వస్తుంది గనుక, ఊళ్లో ఇడ్లీ తిని కొద్ది దూరం వెనక్కి రావాలి. ఉదయం నాలుగున్నరకు అనంతపురంలో బయలుదేరి, ఆరుకు పెనుకొండ దాటాక టీ, పిల్లలకు పాలు, తలా ఒక అరటిపండు ఇచ్చి, తొమ్మిదిన్నరకు బిడదిలో ఇడ్లీ తింటే, పదకొండుకు గేటు దగ్గర అందరూ చురుగ్గా ఉంటారు.

హైదరాబాదు దారిలో అలవాటైన రుచి కర్నూలులో దొరుకుతుంది. నాలుగు గంటలకు బయలుదేరితే ఆరున్నరకు కర్నూలు చేరతాము. అప్పటికే ఉగ్గాని తాలింపు వాసన వస్తూ ఉంటుంది. నానబెట్టి పిండిన బొరుగులకు (మరమరాలకు) ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు, పుట్నాల పొడి కలిపిన ఆ ఉగ్గాని ప్రయాణానికి చాలా మంచిది. దాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జీని మాత్రం ఆ ఒక్క రోజుకు వదులుకోమని మనవి. రాయలసీమ మనిషిని ఉగ్గాని తిని బజ్జీ తినవద్దనడం కష్టమే గానీ, నూనె కాగిన శనగపిండి కడుపులో ఉండగా తలకిందులు చేసే రైడు ఎక్కితే ఏమవుతుందో మేము కళ్లారా చూశాము. ఆరున్నరకు తిన్న ఉగ్గాని పదకొండు దాకా ఆగదు గనుక, షాద్‌నగర్ దాటాక ఒకసారి ఆగి మజ్జిగో, అరటిపండో తీసుకోవాలి. ఈ రెండో విరామాన్ని మరిచిపోతే గేటు లోపలికి అడుగు పెట్టగానే పిల్లలు చిప్స్ కోసం మారాం చేస్తారు.

కర్నూలులో చుట్టాలున్న వాళ్లు ముందు రోజు సాయంత్రమే వెళ్లి, అక్కడ పడుకొని, ఉదయం ఆరున్నరకు తీరిగ్గా బయలుదేరడం అన్నిటికంటే ఉత్తమం. రావిర్యాలకు అక్కడి నుండి మూడున్నర గంటలే.

మధ్యాహ్న భోజనం

మూడు చోట్లా బయటి తిండికి అనుమతి లేదు గనుక, మధ్యాహ్నం లోపలి భోజనశాలల మీదనే ఆధారపడాలి. పసిపిల్లల పాలు, ఆహారం, మందులు ఉంటే గేటు దగ్గర ముందే చూపించి చెప్పండి. అది వేరే విషయంగా చూస్తారు. ఖాళీ నీళ్ల సీసాలు వెంట ఉంచుకొని లోపల తాగునీటి దగ్గర నింపుకుంటూ ఉంటే సీసాల కొనుగోలు ఖర్చు తగ్గుతుంది.

వండర్లా రోజుకు నేను రెండు రకాల కాలపట్టికలు రాసుకున్నాను; ఒకటి చలికాలానికి, ఒకటి ఎండాకాలానికి. నవంబరు నుండి ఫిబ్రవరి దాకా పదకొండు నుండి పన్నెండున్నర వరకు నీళ్లు లేని పొడి రైడ్లు, అందులోనూ పెద్దవి ముందుగా, ఎక్కాలి. పన్నెండున్నరకే భోజనానికి కూర్చోవాలి, ఎందుకంటే ఒంటిగంట దాటితే వరుస పెరుగుతుంది, కుర్చీలు దొరకవు. తిన్నాక గంటసేపు నీడలో జరిగే ప్రదర్శనలు, నెమ్మదిగా కదిలే చిన్న రైడ్లు చూసి, రెండు గంటలకు నీళ్లలోకి దిగి నాలుగుకల్లా బయటికి రావాలి. బెంగళూరు గాలి అనంతపురం గాలిలాంటిది కాదు. జనవరిలో నాలుగున్నరకు తడిసిన పిల్లవాడికి పళ్లు కటకటలాడతాయి. ముందుగా నీళ్లలో దిగి తడి బట్టలతోనే భోజనానికి వచ్చిన కుటుంబాలను చాలాసార్లు చూశాను. ఆకలీ, చలీ, తడి కుర్చీలూ కలిసి ఆ పిల్లలు సగం తిని వదిలేస్తారు. ఆ సగం ఆకలి నాలుగింటికి మళ్లీ డబ్బు అడుగుతుంది.

ఎండాకాలంలో ఈ వరుస తిరగబడాలి. ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు నుండి రెండున్నర వరకు ఎండలో పొడి రైడ్ల వరుసల్లో నిలబడటం ఒంటికి మంచిది కాదు. ఆ వేళ నీళ్లలో గడిపి, రెండున్నరకు భోజనశాల ఖాళీ అయ్యాక తిని, ఎండ వాలిన తరువాత నాలుగు గంటల నుండి పొడి రైడ్లు ఎక్కవచ్చు. అయితే వేళకు తినవలసిన వాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను ఆ రెండున్నర దాకా ఆపకండి. మా ఇంట్లో నేనో మా ఆడపడుచో పన్నెండున్నరకు అత్తగారితో కలిసి తినేస్తాము. మిగతా వాళ్లు తరువాత తింటారు. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్న పట్టుదలను పార్కులో వదులుకోవడమే మంచిది.

ఏం తినాలన్న దానికి వస్తే, పిల్లలు బిర్యానీ, వేపుళ్లు అడుగుతారు. రైడ్లు ఇంకా మిగిలి ఉంటే సాదా భోజనమో, పెరుగన్నమో, ఇడ్లీ దోసెలో ఇప్పించి, బిర్యానీ రాత్రికి ఉంటుందని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. తిన్న తరువాత గంట గడిచేదాకా తిరిగే రైడ్లు, ఊగే రైడ్లు వద్దు. నీళ్లలో ఎంతసేపు ఉన్నా చెమట పోవడం ఆగదు గనుక మజ్జిగ, ఓఆర్ఎస్ మధ్య మధ్యలో ఇవ్వాలి.

రామోజీలో భోజనం చిక్కు వేరు. మీరు ఏ వేళకు ఎక్కడ ఉంటారన్నది బస్సు తిరిగే దారిని బట్టి ఉంటుంది. కాబట్టి ఉదయం తొమ్మిదికే లోపలికి చేరి, పన్నెండు గంటల ప్రాంతంలో ఏ భోజనశాల దగ్గర దిగుతామో గైడును ముందుగా అడిగి తెలుసుకోండి. ఒంటిగంట దాటాక వచ్చే బస్సుల కంటే ముందే తినేయాలి. ఖరీదైన ప్యాకేజీల్లో ఏసీ బస్సు, బఫే భోజనం కలిపి ఉంటాయి. మామూలుగా నేను అటువంటి వాటిని వద్దంటాను. పెద్దవాళ్లతో ఎండాకాలంలో వెళ్తే మాత్రం తీసుకోమంటాను. మెట్లు, వరుసలు, ఎండ తగ్గడమే కాక, షుగరు మాత్ర వేసుకున్న మనిషికి భోజనం కచ్చితంగా దొరుకుతుందన్న భరోసా ఆ ధరలో కలిసి ఉంటుంది.

బట్టలు, రోజు ఎంపిక

వండర్లా నీటి రైడ్లలోకి నూలు బట్టలు, చీరలు, జీన్స్ రానివ్వరు. నైలాన్, పాలిస్టర్ బట్టలే ఉండాలి. వాటిని లోపలి దుకాణంలో కొనడం కంటే మన ఊళ్లోనే కొనుక్కొని పోవడం చవక. సోమవారం నుండి గురువారం లోపు వెళ్తే టికెట్టు ధరా తక్కువ, జనమూ తక్కువ. దసరా, సంక్రాంతి సెలవుల్లో, రెండో శనివారాల్లో వెళ్లకండి. నవంబరు నుండి జనవరి దాకా బడుల విహారయాత్రలు కూడా ఎక్కువ. బడి బస్సులు వరుసగా ఆగి ఉన్న రోజున భోజనశాలకు పన్నెండుకే వెళ్లాలి.

కర్నూలు, కడప వాళ్లకు

కర్నూలు వాళ్లకు ఈ చర్చే అక్కర లేదు. హైదరాబాదు పార్కులే దగ్గర, దారీ తిన్నగా ఉంటుంది. వండర్లా అయితే ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. రామోజీ అయితే తొమ్మిదికి చేరాలంటే నాలుగున్నరకే లేవాలి గనుక ఒక రాత్రి బస మంచిది. కడప వాళ్ల పరిస్థితి కష్టం, హైదరాబాదు నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకో, రాజంపేట, రేణిగుంట మీదుగా చెన్నైకో పోవాలి. చెన్నైకి దక్షిణంగా తిరుప్పోరూరు దగ్గర 2025 డిసెంబరులో కొత్త వండర్లా తెరిచారు. తిరుపతి మొక్కు ఉన్న కుటుంబం దర్శనం ముగించుకొని అటు పోవచ్చు గానీ, కొండ దిగిన రోజే పార్కుకు పోకుండా మధ్యలో ఒక రాత్రి విశ్రాంతి పెట్టుకోవాలి.

రాత్రి భోజనం, తిరుగు దారి

అనంతపురం వాళ్లు ఏ దిక్కుకు వెళ్లినా, అదే రాత్రి తిరిగి రావాలన్న ఆలోచనను మానుకోవాలని నా అభిప్రాయం. తెల్లవారుజామున నాలుగుకు లేచి బండి నడిపి, రోజంతా నీళ్లలో గడిపి, సాయంత్రం ఆరున్నరకు మళ్లీ ఐదారు గంటలు నడపడం ఎంత అనుభవం ఉన్న డ్రైవరుకైనా ప్రమాదమే. బిడదిలో పార్కును ఆనుకొనే రిసార్టు ఉంది. రామోజీలో సితార, తార వంటి వేర్వేరు స్థాయి హోటళ్లు లోపలే ఉన్నాయి. అంత ఖర్చు పెట్టలేని వాళ్లు తిరుగు దారిలో గంటన్నర దూరంలో, అంటే దేవనహళ్లి చుట్టుపక్కలనో జడ్చర్ల దగ్గరో, మామూలు లాడ్జిలో గది తీసుకోవచ్చు. ఆ రాత్రే పిల్లలకు మాట ఇచ్చిన బిర్యానీ. మరునాడు బెంగళూరు వైపు నుండి వచ్చేటప్పుడు కొడికొండ దగ్గర మలుపు తిరిగి లేపాక్షి చూసుకొని మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు.

ఇంటి నుండి తీసుకెళ్లే తిండి మాటకొస్తే, అన్నంతో చేసినవి ఎండలో నిలిపిన కారు డిక్కీలో పగలంతా ఉంచి సాయంత్రం తినకూడదు, పులిహోరయినా సరే. అవి ఉదయం దారిలోనే అయిపోవాలి. సాయంత్రానికి ఎండు జొన్నరొట్టెలు, నిప్పట్లు, బుడ్డల చిక్కీ, ఓళిగలు డిక్కీలో ఉంచితే, తడి తలలతో పార్కింగుకు వచ్చిన పిల్లలకు హోటలు చేరేదాకా అవి సరిపోతాయి. మా అత్తగారు ఇప్పుడు తెల్లవారుజామున మూడుకు లేవడం లేదు. ముందు రోజు మధ్యాహ్నమే రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టి పెడతారు.